మోకాలు నొప్పికి తుంటి ఎక్సర్‌సైజులు చెప్పారు, నిజంగా సంబంధం ఉందా?

కొండాపూర్_పరుగు

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. ఆగస్టు మారథాన్‌లో 10కె అయినా చేద్దామని బొటానికల్ గార్డెన్‌లో పరుగు మొదలుపెట్టాను. మొదట్లో బాగానే ఉంది. దూరం పెంచుకుంటూ పోయేసరికి కుడి మోకాలి చిప్ప చుట్టూ, చిప్ప వెనకాల నుంచి వస్తున్నట్టుగా నొప్పి పట్టుకుంది. ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించలేను. చదునుగా ఉన్న చోట నడిస్తే ఏమీ ఉండదు కానీ మెట్రో స్టేషన్లో మెట్లు దిగుతుంటే ప్రతి మెట్టుకీ తెలుస్తుంది, ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ. గంటసేపు మీటింగ్‌లో కూర్చుని లేస్తే మోకాలు పట్టేసినట్టుంటుంది. సినిమా హాల్లో అయితే ఇంటర్వెల్ ఎప్పుడొస్తుందా, కాలు ఎప్పుడు చాపుకుందామా అని చూస్తుంటాను. వాపు లేదు, పడలేదు, కాలు మెలిక పడలేదు.

ఒక ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీసి నార్మల్ అన్నారు. మోకాలికి తొడుక్కునే నీ క్యాప్, కాల్షియం మాత్రలు, కొన్నాళ్లు రెస్ట్, మెషిన్ మీద కరెంట్ పెట్టించుకోవడానికి సిట్టింగులు రాశారు. పెట్టించుకున్నంతసేపు హాయిగానే ఉండేది, మళ్లీ మెట్లు దిగితే మామూలే. అంత డబ్బు తీసుకుని ఒక్కరంటే ఒక్కరు కూడా నా కాలు కదిపి చూడలేదు, ఒక్క గుంజీ కూడా తీయించలేదు. ఇప్పటికీ నాకు అదే కోపం.

ఇప్పుడు మా వీధిలోనే ఉన్న ఒక ఫిజియో దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ నన్ను అద్దం ముందు చిన్న మెట్టు మీద నిలబెట్టి, ఒంటికాలి మీద మెల్లగా కిందికి దిగమన్నారు. చూస్తే మోకాలు బొటనవేలు దాటి లోపలికి వంగిపోతోంది, అవతలి వైపు నడుము కిందికి జారిపోతోంది. తుంటి పక్క కండరం బలహీనంగా ఉందని చెప్పి అన్నీ తుంటి ఎక్సర్‌సైజులే ఇచ్చారు: పక్కకి పడుకుని కాలు ఎత్తడం, బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకి ఎత్తడం), కాళ్లకి రబ్బరు బ్యాండ్ కట్టుకుని పక్కకి నడవడం. ఇంట్లో అమ్మ అయితే నొప్పి ఒకచోట, మందు ఇంకోచోటా అంటోంది. ఇది నిజంగా పనిచేస్తుందా? ఎన్నాళ్లు చేయాలి, పరుగు పూర్తిగా మానేయాలా? ఇంకో మాట, అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయన్నారు, ఆవిడ కూడా ఇవే చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

తార్నాక_ఫిజియో

ఎదురుగా చూడకుండా ఇదే మీ జబ్బు అని నేను చెప్పను. కానీ మీరు రాసినవన్నీ పటెల్లోఫెమొరల్ పెయిన్‌కి బాగా సరిపోతున్నాయి, రన్నర్స్ నీ అని కూడా అంటారు. చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు, గొంతుక్కూర్చోవడం, ఎక్కువసేపు మోకాలు మడిచి కూర్చోవడం, ఇవే దీని గుర్తులు. గుంజీ తీయించి నొప్పి వస్తుందా అని చూడటం దీనికి ఉన్న మంచి పరీక్షల్లో ఒకటి, అది కూడా చేయలేదంటే మీ కోపంలో న్యాయం ఉంది. ఎక్స్‌రే నార్మల్‌గా ఉండటం ఇందులో మామూలే. ఇలాంటప్పుడు చాలామందికి ఎమ్మారై కూడా అక్కర్లేదు.

సంబంధం ఎక్కడుందంటే, మోకాలి చిప్ప తొడ ఎముక చివర ఉన్న గాడిలో పైకీ కిందికీ జారుతుంది. ఆ తొడ ఎముక రెండో చివర ఉన్నది తుంటిలో. అంటే మోకాలి దగ్గర ఆ గాడి ఎటు తిరగాలన్నది చాలావరకు తుంటి చుట్టూ ఉన్న కండరాల చేతిలో ఉంది. మనం అనుకునేది చిప్ప పక్కకి జరిగిపోతుందని. పవర్స్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందం మనిషి బరువు మోపి ఉండగా ఎమ్మారైలో చూస్తే, కదులుతున్నది ఎక్కువగా చిప్ప కాదు, దాని కింద తొడ ఎముక లోపలికి తిరుగుతోందని తేలింది. రైలు పట్టాలు తప్పడం కాదు, రైలు కింద పట్టాలే పక్కకి జరగడం లాంటిది. అప్పుడు చిప్ప బయటి వైపు అంచు మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఆ తిరగడాన్ని ఆపేవాటిలో ముఖ్యమైనది గ్లూటియస్ మీడియస్. ఎక్కడుందో మీకే తెలుస్తుంది, బెల్టు పెట్టుకునే చోట పక్కన తగిలే ఎముక ఉంది కదా, దాని కింద బొటనవేలు ఆనించి ఒంటికాలి మీద నిలబడండి. వేలి కింద గట్టిపడుతుంది చూశారా, అదే. నడకలో ప్రతి అడుగుకీ కాసేపు ఒంటికాలి మీదే ఉంటాం, పరుగులో అయితే రెండు కాళ్లూ ఒకేసారి నేల మీద ఉండనే ఉండవు. ఆ కాసేపు నడుముని నిలబెట్టేది ఈ కండరమే. ఒంటికాలి మీద నిలబడితే అవతలి వైపు నడుము జారడాన్ని 1895లోనే ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే ఆ పరీక్ష చేస్తాం. మీ ఫిజియో అద్దం ముందు చూసినదాంట్లో అదీ ఒక భాగం.

మెట్ల దగ్గరే నొప్పి ఎందుకంటే లెక్క సులువు. చదునులో నడిచేటప్పుడు చిప్ప వెనక పడే ఒత్తిడి మన బరువులో దాదాపు సగమే. మెట్ల మీద అది మన బరువుకి 3 రెట్లు దాటుతుంది, పూర్తిగా గొంతుక్కూర్చుంటే 7 రెట్ల పైమాటే.

ఒక్క విషయంలో మాత్రం మీ ఫిజియోని అడగండి. అన్నీ తుంటివే ఇచ్చారని రాశారు. నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి రోజుల్లో అది మంచి పద్ధతే, ఎందుకంటే మోకాలి మీద భారం పడకుండా పని మొదలవుతుంది. కానీ కాస్త తగ్గాక తొడ ముందు కండరానికి కూడా, అంటే క్వాడ్రిసెప్స్‌కి, ఎక్సర్‌సైజులు కలపాలి. 2019లో అమెరికా ఫిజియోల సంఘం ఇచ్చిన గైడ్‌లైన్ కూడా తుంటి, మోకాలు రెండూ కలిపి చేయమనే చెప్పింది. టైమ్ అంటారా, వారానికి మూడు రోజులు, కనీసం 6 వారాలు చేస్తే గానీ తేడా తెలియదు, గట్టిపడాలంటే 12 వారాలు అనుకోండి. పదిసార్లు తేలిగ్గా చేసేయగలుగుతున్నారంటే ఇంకా గట్టి బ్యాండ్‌కి మారే సమయం వచ్చినట్టే. నెలల తరబడి అదే పచ్చ బ్యాండ్‌తో అవే పదిసార్లు చేసి, ఫిజియోథెరపీ నాకు పనిచేయలేదండీ అని వచ్చేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

లెక్కలు_చూద్దాం

పైన ఫిజియో గారు చెప్పిన ఎక్సర్‌సైజుల విషయంలో పేచీ లేదు, కానీ "తుంటి బలహీనం కాబట్టే మోకాలు నొప్పి" అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. నా భార్యకి ఇదే నొప్పి వస్తే పేపర్లన్నీ కూర్చుని చదివాను.

ఈ వాదనకి ఊపు తెచ్చినది 2003లో వచ్చిన ఒక అమెరికన్ స్టడీ. నొప్పి ఉన్న 15 మంది ఆడవాళ్లని, లేని 15 మందిని పోల్చారు. నొప్పి ఉన్నవాళ్లలో కాలు పక్కకి ఎత్తే బలం 26 శాతం, తొడని బయటికి తిప్పే బలం 36 శాతం తక్కువ. చాలా పెద్ద తేడా. కానీ గమనించండి, వాళ్లకి అప్పటికే నొప్పి ఉంది. నొప్పి ఉన్న కాలుని ఎవరైనా తక్కువే వాడతారు, తక్కువ వాడితే కండరం తగ్గుతుంది. ముందు ఏది, తర్వాత ఏది అన్నది ఆ స్టడీతో తేలదు. అది తేలాలంటే నొప్పి లేనివాళ్ల బలం ముందే కొలిచి, తర్వాత ఎవరికి నొప్పి వచ్చిందో చూడాలి. అలాంటి స్టడీలన్నీ కలిపి 2014లో ఒక సమీక్ష వచ్చింది: ముందే తుంటి బలం తక్కువ ఉన్నవాళ్లకి ఈ నొప్పి ఎక్కువ వస్తుందని రుజువు దొరకలేదు. అంటే చాలామందిలో ఆ బలహీనత నొప్పికి కారణం కాకపోవచ్చు, ఫలితం కావచ్చు.

మరి ఎక్సర్‌సైజులు దండగా అంటే, కానే కాదు. 2015లో వచ్చిన ట్రయల్‌లో 199 మందికి 6 వారాలు, కొందరికి తుంటి ప్రధానంగా, కొందరికి మోకాలు ప్రధానంగా చేయించారు. రెండు వైపులా బాగా తగ్గింది, తుంటి వాళ్లకి నొప్పి ఓ వారం ముందే తగ్గడం మొదలైంది. 2019లో నార్వేలో 112 మందిని మూడు గుంపులు చేశారు: తుంటి ఎక్సర్‌సైజులు, మోకాలు ఎక్సర్‌సైజులు, ఇష్టమొచ్చినట్టు చురుగ్గా ఉండమని చెప్పినవాళ్లు. మూడు నెలలకి మూడు గుంపుల మధ్య తేడా లేదు. నాకు దీన్నిబట్టి అర్థమైంది ఏంటంటే, ఏ కండరం అన్నదాని కంటే మానకుండా, భారం మెల్లగా పెంచుకుంటూ చేయడమే పెద్ద మందు. తుంటితో మొదలుపెడితే మోకాలికి నొప్పి లేకుండా ఆ పని చేయగలం, అక్కడే దాని గొప్పతనం ఉంది.

ఇది ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, "మీ మోకాలు లోపలికి వంగుతోంది, మీ తుంటి పనిచేయడం లేదు" అని విన్న మనిషికి భయం పట్టుకుంటుంది. మా ఇంట్లో చూశాను, ప్రతి అడుగుకీ కిందికి చూసుకుంటూ నడవడమే. మోకాలు కొంచెం లోపలికి వంగేవాళ్లలో ఎంతోమందికి ఏ నొప్పీ ఉండదు. మీ కాలు పాడైపోలేదండీ, దయచేసి అలా అనుకోకండి.

కరెంట్ మెషిన్ల సంగతి: ఈ నొప్పి మీద పనిచేసే నిపుణులు 2018లో ఇచ్చిన ఉమ్మడి ప్రకటనలో అల్ట్రాసౌండ్ లాంటి మెషిన్ చికిత్సలు దీనికి వద్దనే రాశారు. మన ఊళ్లో మాత్రం ఇంకా ముందు రాసేది అవే. అలాగని అదే పోతుందిలే అని వదిలేయకండి. కొన్నేళ్లు వెంబడించి చూసిన స్టడీలో 5 నుంచి 8 ఏళ్ల తర్వాత కూడా సగానికి పైగా జనానికి పూర్తిగా తగ్గలేదు.

నెక్లెస్_రోడ్_ఉదయం

పరుగు మానక్కర్లేదు అక్కా, తగ్గించు. నేను పాటించేది ఏంటంటే, పరిగెత్తేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున మెట్లు దిగితే నిన్నటి కంటే ఎక్కువ ఉండకూడదు. ఉందంటే నిన్న ఎక్కువ చేసినట్టు. ఫ్లైఓవర్ దిగుళ్లు కొన్నాళ్లు వద్దు, మన మారథాన్ రూట్లో ఎటు చూసినా ఫ్లైఓవర్లే కాబట్టి వాటి ప్రాక్టీసు తర్వాత చూసుకోవచ్చు. ఇంకోటి, అడుగు చిన్నది చేసి నిమిషానికి అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచి చూడు. నిమిషానికి 160 పడుతుంటే 168, 170 అన్నమాట, ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుంటే వచ్చేస్తుంది. పాదం మరీ ముందుకి పడదు, మోకాలి మీద భారం తగ్గుతుంది. తుంటి బలం పెంచుకున్నంత మాత్రాన పరిగెత్తే తీరు దానంతటదే మారదు, 2011లో దీని మీదే ఒక స్టడీ చేసి చూశారు, బలం పెరిగింది కానీ పరుగు అలాగే ఉంది. పరుగు మారాలంటే పరుగులోనే మార్చుకోవాలి.

ఆర్థో_పీజీ

ఈ ప్రశ్న అడిగినవారికి ఇది వర్తించకపోవచ్చు, కానీ చదువుతున్న మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. తుంటి కండరాల సంగతి వేరు, తుంటి కీలు సంగతి వేరు. కీలులోనే జబ్బు ఉండి నొప్పి మోకాలిలో మాత్రమే తెలిసే మనుషులు ఉంటారు, ఎందుకంటే రెండు కీళ్లకీ వెళ్లే నరాలు కొన్ని ఒకటే. మోకాలికి ఎక్స్‌రేల మీద ఎక్స్‌రేలు తీయించుకుని, చివరికి తుంటికి తీస్తే అసలు విషయం బయటపడిన కేసులు మా ఓపీలో కనబడుతూనే ఉంటాయి. వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి, మోకాలు రెండూ మడిచి, పాదాన్ని బయటి వైపుకి తిప్పితే తొడ లోపలికి తిరుగుతుంది. అప్పుడు గజ్జల్లో నొప్పి వచ్చినా, అవతలి కాలి కంటే బాగా తక్కువ తిరిగినా తుంటికి ఎక్స్‌రే తీయాల్సిందే. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లు, మద్యం అలవాటు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, తొడ ఎముక తలకి రక్తం అందక దెబ్బతినే జబ్బు వాళ్లలో ఎక్కువ. కోవిడ్ తర్వాత ఇలాంటివి వచ్చాయి.

పిల్లల విషయంలో అస్సలు ఆలస్యం వద్దు. 10 నుంచి 15 ఏళ్ల పిల్లాడు, కాస్త బొద్దుగా ఉంటాడు, మోకాలు నొప్పి అంటూ కుంటుతున్నాడంటే తుంటి దగ్గర ఎముక ఎదిగే చోటు జారిందేమో అదే రోజు చూడాలి. అది ఎమర్జెన్సీ, ఎక్సర్‌సైజులు చేయించే విషయం కాదు.

మోకాలు వాచినా, మధ్యలో లాక్ అయినా, జ్వరంతో పాటు నొప్పి ఉన్నా, రాత్రి నిద్రలో లేపేంత నొప్పి ఉన్నా ఫోరమ్‌లో అడగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కొండాపూర్_పరుగు

అందరికీ చాలా థ్యాంక్స్. ఆ కాలు తిప్పే పరీక్ష మా ఫిజియో మొదటి రోజే చేశారు, రెండు వైపులా సమానంగా ఉంది. "మీ కాలు పాడైపోలేదు" అన్న మాట చదివాక నిజంగా టెన్షన్ తగ్గింది, ఎందుకంటే నేను కూడా కిందికి చూసుకుంటూనే నడుస్తున్నాను.

ఒక్క సందేహం ఉంది. పక్కకి పడుకుని కాలు ఎత్తేది చేస్తుంటే మీరు వేలు పెట్టమన్న చోట నాకేమీ అనిపించడం లేదు. తొడ ముందు పక్క, జేబు ఉండే చోట మాత్రం మంట పుడుతోంది. తప్పు చేస్తున్నానా? అమ్మ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

తార్నాక_ఫిజియో

ముందు లెక్కలు చూసిన సోదరుడికి, మీరు చెప్పింది నిజమే. కారణం ఇదీ అని తేలలేదు, పనిచేస్తుందని మాత్రం తేలింది. పేషెంట్లకి చెప్పేటప్పుడు మా వాళ్లు ఈ రెండూ విడదీసి చెప్పాలి.

ఇక కాలు ఎత్తడం గురించి. దాదాపు అందరికీ ఇదే జరుగుతుంది. పక్కకి పడుకున్నవాళ్లు అలసిపోగానే నడుముని కొంచెం వెనక్కి దొర్లించేస్తారు, కాలు ముందుకి వచ్చేస్తుంది, కాలివేళ్లు పైకప్పు వైపు తిరుగుతాయి. ఇక ఆ పని అంతా తుంటి ముందు ఉన్న ఇంకో కండరం చేసేస్తుంది, మీకు జేబు దగ్గర మంట అందుకే. గోడ దగ్గర చేయండి. వీపు, పిరుదులు గోడకి ఆనించి పక్కకి పడుకోండి, కింది కాలు మడవండి, పై కాలు నిటారుగా చాపి మడమ గోడకి ఆనించండి. ఇప్పుడు మడమని గోడకి కొంచెం నొక్కుతూ, గోడ మీద రాసుకుంటూ పైకి జరపండి. సాక్స్ వేసుకుంటే బాగా జారుతుంది. వేళ్లు ఎదురు గోడ వైపే చూడాలి, వీలైతే ఇంకొంచెం నేల వైపుకి. జానెడున్నర ఎత్తు చాలు. పైన రెండు సెకన్లు ఆపి, దింపేటప్పుడు ఎత్తినదానికంటే మెల్లగా దింపండి. సరిగ్గా చేస్తే ఎనిమిదోసారికల్లా ప్యాంటు వెనక జేబు పై మూల దగ్గర అలసట తెలుస్తుంది.

అమ్మగారి మోకాళ్లకి కూడా తుంటి ఎక్సర్‌సైజులు మేలే చేస్తాయి, కాకపోతే కథ కొంచెం వేరు. 2010లో ఆస్ట్రేలియాలో లోపలి వైపు అరుగుదల ఉన్న 89 మందితో 12 వారాల ట్రయల్ చేశారు. తుంటి ఎక్సర్‌సైజులు చేసినవాళ్లకి నొప్పి తగ్గింది, పనులు చేసుకోవడం సులువైంది, కానీ నడకలో మోకాలి లోపలి వైపు పడే భారం మాత్రం తగ్గలేదు. కాబట్టి అరుగుదల ఆగిపోతుందని ఆశపెట్టకండి, నొప్పి తగ్గుతుందని ధైర్యంగా చెప్పండి. ఆవిడకి తుంటితో పాటు తొడ కండరాలు, రోజూ కాస్త నడక, బరువు ఎక్కువుంటే అది తగ్గించుకోవడం, అన్నీ కలవాలి.

కింద పడుకుని లేవడం ఆవిడకి కష్టమైతే అసలు కిందికి దింపకండి. వంటగదిలో గట్టు పట్టుకుని నిటారుగా నిలబడి, ఒక కాలు మెల్లగా పక్కకి జరిపి తేవమనండి, ఒళ్లు ఎదురు వైపుకి వాలకుండా. ఇందులో ఎత్తిన కాలి కంటే నిలబడిన కాలి తుంటే ఎక్కువ పనిచేస్తుంది, అందుకే రెండు వైపులా చేయాలి. తర్వాత ఎత్తైన కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం, మొదట్లో ఐదారుసార్లు చాలు. పూజకి కింద మఠం వేసుకుని కూర్చునే అలవాటు ఉంటే కొన్నాళ్లు చిన్న స్టూల్ వేయండి. చేతికర్ర వాడుతుంటే నొప్పి ఎక్కువున్న మోకాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి, నేను చూసినవాళ్లలో ఎక్కువమంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటున్నారు.